జబ్బు తీసుకుంటుంది.. కుంచె ఇస్తుంది

పెళ్లిలో కనిపించినా, ఫోన్ చేసినా పలకరింపు ఒకటే. 'ఇప్పుడెలా ఉంది? డాక్టర్ గారేమన్నారు?' కీళ్లవాతం, కిడ్నీ జబ్బు, ఆస్తమా, పార్కిన్సన్స్.. ఇలా ఏళ్ల తరబడి వెంట ఉండే జబ్బేదైనా వస్తే మనిషి పేరు వెనక్కిపోయి జబ్బు పేరు ముందుకొస్తుంది. నిన్నటిదాకా పదిమందికి పెట్టిన చేయి, ఇవాళ మాత్రకీ మంచినీళ్లకీ మరొకరి వైపు చాచాల్సి వస్తుంది. చాలామందిని నొప్పి కన్నా ఎక్కువగా కుంగదీసేది ఇదే. ఆ చేతికి ఓ చిన్న కుంచె, గ్లాసుడు నీళ్లు, నాలుగు రంగులు అందిస్తే? వేసిన బొమ్మ ఇంకెవరికో సాయంగా మారితే? జబ్బు పోదు. కానీ రోజు మారుతుంది. ఎలాగో చూద్దాం.

మందూ కావాలి.. కుంచే కావాలి

ఫ్రాన్స్‌కు చెందిన రౌల్ డ్యూఫీ నీటిరంగులకు పెట్టింది పేరు. పడవలు, సముద్ర తీరాలు, పూలగుత్తులు ఆయన చేతిలో ఎంతో హుషారుగా కనిపించేవి. ఆ చేతులకే కీళ్లవాతం పట్టుకుంది. వేళ్లు బిగుసుకుపోయాయి. 1950లో అమెరికాలోని బోస్టన్‌కు వెళ్లేనాటికి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. అక్కడ డాక్టర్ ఫ్రెడ్డీ హోంబర్గర్ బృందం అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్న కార్టిసోన్ తరహా మందులతో చికిత్స చేసింది. ఆ మందు వెనక పరిశోధనకు నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఆ ఏడాదే. కీళ్లు కాస్త సడలాయి. డ్యూఫీ మళ్లీ రంగుల పెట్టె తెరిచారు. తాను వేసిన ఓ పూల బొమ్మకు 'లా కార్టిసోన్' అని మందు పేరే పెట్టుకున్నారు. దుష్ప్రభావాలూ వచ్చాయి. 1953లో ఆయన కన్నుమూశారు. అయితే చివరి ఏళ్లను బొమ్మలు వేస్తూ గడిపారు.

ఈ కథలో మనం గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. కుంచె ఆయన వేళ్లను సడలించలేదు. ఆ పని చేసింది మందు. సడలిన వేళ్లతో ఏం చేయాలో చెప్పింది మాత్రం కుంచె. 'బొమ్మలు వేస్తే షుగర్ తగ్గుతుంది, కీళ్లవాతం పోతుంది' అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఒక్క మాత్ర కూడా మానొద్దు.

ఇదే కీళ్లవాతంతో దశాబ్దాల పాటు బాధపడిన మరో చిత్రకారుడు రెన్వార్. ఆయన చేతికి కుంచెను కట్టేవారని ఓ కథ ప్రచారంలో ఉంది. నిజానికి అరచేతి చర్మం ఒరుసుకుపోకుండా గుడ్డ చుట్టుకునేవారు. కుంచెను మాత్రం పక్కనున్నవారు అందించేవారు. చర్మం గట్టిపడే అరుదైన జబ్బు బారినపడిన పాల్ క్లే అయితే 1936లో పాతిక బొమ్మలే వేయగలిగారు. అదే మనిషి 1939లో 1200కు పైగా వేశారు. అందరూ అలా వేయాలని కాదు. జబ్బుకు మంచి ఏడాదీ ఉంటుంది, చెడ్డ ఏడాదీ ఉంటుంది. చెడ్డ ఏడాదిని చూసి 'ఇక నా పని అయిపోయింది' అనుకోవద్దు.

ఆసుపత్రి మంచం మీద పుట్టిన మాట

'ఆర్ట్ థెరపీ' అనే మాట కూడా ఆసుపత్రిలో పుట్టిందే. ఇంగ్లండ్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ 1938లో క్షయతో శానిటోరియంలో చేరారు. అప్పట్లో క్షయకు సరైన మందు లేదు. నెలల తరబడి పడుకోవడమే వైద్యం. పొద్దుపోక మంచం పక్కనున్న వస్తువులనే బొమ్మలుగా గీయడం మొదలెట్టారు. మనసు తేలికపడినట్టు అనిపించింది. తర్వాత తోటి రోగుల చేత, యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల చేత కూడా వేయించారు. 1942లో ఆ పనికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టారు.

ఇప్పుడది శిక్షణ పొందిన నిపుణులు చేసే చికిత్స. ఇంట్లో మనం సరదాగా వేసుకునే బొమ్మలు వేరు. ఇది థెరపీ కాదు, ఓ వ్యాపకం. ఆ తేడా తెలిసి ఉంటే అనవసరమైన ఆశలు ఉండవు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై ఓ పెద్ద నివేదిక ఇచ్చింది. 3000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, జబ్బుల నివారణలోనూ, ఉన్న జబ్బుతో నెట్టుకురావడంలోనూ కళలు తోడ్పడతాయని చెప్పింది.

అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం చిన్నదే గానీ ఆసక్తికరమైనది. 39 మంది పెద్దవాళ్లను 45 నిమిషాల పాటు తమకు నచ్చిన బొమ్మ చేసుకోమన్నారు. ముందూ వెనకా లాలాజలం తీసి, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ను కొలిచారు. సుమారు నాలుగింట మూడొంతుల మందిలో అది తగ్గింది. బొమ్మలు వచ్చినవాళ్లకీ, ఎప్పుడూ కుంచె పట్టనివాళ్లకీ ఈ విషయంలో తేడా లేదు. అయితే ఇది కొద్దిమందిపై, ఒక్కపూటలో చేసిన పరీక్ష. ఏళ్ల తరబడి జబ్బున్నవారిలో ఫలితం ఇలాగే ఉంటుందని దీన్నిబట్టి చెప్పలేం. ఒక్కటి మాత్రం తీసుకోవచ్చు. 'నాకు బొమ్మలు రావు' అన్నది వేయకపోవడానికి కారణం కానక్కర్లేదు.

నీటిరంగులే ఎందుకు?

* ఘాటు వాసన ఉండదు. తైలవర్ణాలకు వాడే టర్పెంటైన్ వంటివి ఆస్తమా, సీఓపీడీ ఉన్నవాళ్లకు దగ్గు తెప్పిస్తాయి. వీటికి నీళ్లు చాలు.
* బరువుండదు. కుంచె తేలిక, పెట్టె చిన్నది. భోజనం పళ్లెంలో సర్దుకుని మంచం మీదే వేసుకోవచ్చు.
* బలం అక్కర్లేదు. పెన్సిల్‌లా నొక్కనక్కర్లేదు. తడి కాగితానికి కుంచె తాకితే చాలు, రంగు తనే పాకుతుంది.
* త్వరగా పూర్తవుతుంది. పోస్టుకార్డంత బొమ్మకు పావుగంట, ఇరవై నిమిషాలు సరిపోతాయి. ఓపిక అంతకు మించి లేని రోజుల్లో ఇదే పెద్ద లాభం.

నీటిరంగులు మన డెల్టాకు కొత్తేం కాదు. 1910లో బందరులో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రకళ నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యులే. రంగు వేసి, నీళ్లతో తడిపి, ఆరాక మళ్లీ పల్చగా రంగు వేసే 'వాష్' పద్ధతి బెంగాల్ చిత్రకారుల ప్రత్యేకత. తొందర పనికిరాని పద్ధతి అది. జబ్బుతో ఉన్నవాళ్లకు నప్పే పద్ధతి కూడా.

కొనాల్సినవి కొన్నే. పన్నెండు రంగుల బిళ్లల డబ్బా, 6, 10 నంబరు గుండ్రటి కుంచెలు, 300 జీఎస్ఎం మందం కాగితం, రెండు గ్లాసులు, పాత నూలు గుడ్డ. కాగితం విషయంలో మాత్రం పొదుపు చేయొద్దు. పల్చటి కాగితం తడికి ముడతలు పడుతుంది. బొమ్మ చెడిపోతే తప్పు మనదేననిపిస్తుంది.

విజయవాడ ఎండలతో ఓ చిక్కుంది. మే నెలలో రంగు పూసేలోపే ఆరిపోతుంది. కాబట్టి పొద్దున్నే కూర్చోవాలి. వానాకాలంలో దీనికి పూర్తిగా తిరగబడుతుంది. ఎంతకీ ఆరదు, కాగితానికి బూజు పడుతుంది. కాగితాల్ని కవరులో పెట్టి, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి ఉంచితే మంచిది.

ఏం వేయాలి?

ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. కిటికీలోంచి కనిపించే కొబ్బరిచెట్టు, వంటింట్లో గోంగూర కట్ట, బల్ల మీద నూజివీడు రసాలు, అల్మరాలో కొండపల్లి బొమ్మ.. ఏదైనా సరే. బయటికి వెళ్లగలిగిన రోజున ప్రకాశం బ్యారేజీ దగ్గర పొద్దుటి వెలుగు, బందరు కాలువ గట్టు, నాట్లు వేసిన వరిచేను ఉండనే ఉన్నాయి. ఆసుపత్రిలో ఉంటే సెలైన్ స్టాండు, కిటికీ ఊచల నీడ కూడా బొమ్మలే. ఏడ్రియన్ హిల్ మొదలుపెట్టింది మంచం పక్కనున్న వస్తువులతోనే.

మొదటి వారం బొమ్మే వేయొద్దు. ఒక్క ఆకుపచ్చనే తీసుకుని, నీళ్లు కలుపుతూ ముదురు నుంచి లేత వరకు అయిదు గళ్లు నింపండి. డెల్టాలో పచ్చదనం ఒక్కటే రకం కాదని కంటికి తెలుస్తుంది. చూపు కాగితం మీద నిలిచిన ఆ కాసేపూ మనసు నొప్పిని లెక్కపెట్టడం తగ్గిస్తుంది.

ఏ జబ్బుకు ఏ జాగ్రత్త?

కీళ్లవాతం: పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుని ఉంటాయి. ఆ బిగుతు తగ్గాకే కూర్చోవాలి. కుంచె పిడికి స్పాంజి గొట్టంగానీ మెత్తటి గుడ్డగానీ చుట్టి లావు చేసుకుంటే పట్టు తేలికవుతుంది. వేళ్లతో కాకుండా మోచేయి, భుజం కదిలిస్తూ వేయాలి. కీళ్లు వాచి ఎర్రబడిన రోజున విశ్రాంతే.

పార్కిన్సన్స్: చేయి వణుకుతుందని వెనకాడొద్దు. ముందే తడిపిన కాగితం మీద రంగు వదిలితే అంచులు వాటంతటవే కలిసిపోతాయి. వణుకు తప్పుగా కనిపించదు. కాస్త బరువున్న పిడి, అడుగు వెడల్పైన గ్లాసు వాడుకోవాలి.

డయాలసిస్: సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పరిశోధకులు ఆ సమయంలోనే రోగుల చేత బొమ్మలు వేయించి, ఇలాంటివి సాధ్యమేనా అని చూశారు. మీరు వేయాలనుకుంటే ముందు అక్కడి నర్సు అనుమతి తీసుకోండి. సూదులున్న ఫిస్టులా చేయి కదలకూడదు, రెండో చేత్తోనే వేయాలి. నీళ్లు కొలత ప్రకారం తాగేవారికి ఎదురుగా గ్లాసుడు నీళ్లు కనిపిస్తే దాహం గుర్తొస్తుంది. అలాంటివారికి పిడిలోనే నీళ్లు నింపుకొనే 'వాటర్ బ్రష్' మేలు.

మధుమేహం: బొమ్మలో మునిగి భోజనం వేళ దాటించొద్దు. ఇన్సులిన్ తీసుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. గీతలు వంకరగా కనిపించినా, చూపు ఉన్నట్టుండి మసకబారినా అది బొమ్మ లోపం కాదు. వెంటనే కంటి డాక్టరుకు చూపించుకోవాలి.

క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు: రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి రంగు నీళ్లు నిల్వ ఉంచొద్దు. వేళ్లకు తిమ్మిర్లుంటే లావుపాటి కుంచె వాడాలి.

ఇక అందరికీ చెప్పేది, కుంచె మొనను నాలుకతో సర్దే అలవాటు వద్దు. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ వంటి లోహాలుంటాయి. విషరహితమని రాసి ఉన్నవే కొనండి. రంగులు కడిగే గ్లాసును కాఫీ గ్లాసుకు దూరంగా ఉంచండి. బొమ్మ పూర్తయినప్పుడు కాదు, అలసట రాకముందే ఆపాలి. ఇవాళ ఓపికంతా ఖర్చు చేస్తే రేపంతా మంచం మీదే.

రెండు వారాలకు పైగా దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే మాత్రం రంగుల డబ్బాతో సరిపెట్టొద్దు. దీర్ఘకాలిక జబ్బులున్నవారిలో కుంగుబాటు మామూలు కన్నా ఎక్కువ. దానికి చికిత్స ఉంది. టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

తీసుకున్న చేయే ఇచ్చింది

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులు. చెకొస్లొవేకియాలోని ఓ పల్లెకు యునిసెఫ్ సాయం అందింది. అందుకున్నవారిలో జిట్కా సామ్కోవా అనే ఏడేళ్ల పాప కూడా ఉంది. థ్యాంక్స్ చెబుతూ ఓ బొమ్మ వేసింది. కాగితం దొరక్క గాజు పలక మీద వేసింది. ఎండలో ఆడుతున్న పిల్లల బొమ్మ. 1949లో అదే యునిసెఫ్ మొదటి గ్రీటింగ్ కార్డయింది. అలాంటి కార్డుల అమ్మకం తర్వాత ఎన్నో దేశాల పిల్లలకు సాయం చేసే నిధిగా ఎదిగింది. సాయం అందుకున్న చేయే సాయం మొదలుపెట్టిందన్నమాట.

ఇవ్వడం వల్ల ఇచ్చినవారికీ మేలే. ఇతరుల కోసం ఖర్చుపెట్టినవాళ్లు తమ కోసం ఖర్చుపెట్టుకున్నవారి కన్నా ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు 2008లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. 2016లో అధిక రక్తపోటున్న పెద్దవాళ్లకు మూడు వారాల పాటు కొంత డబ్బిచ్చి, కొందరిని తమ కోసం, కొందరిని ఇతరుల కోసం ఖర్చుపెట్టమన్నారు. ఇతరులకు ఖర్చుపెట్టినవారిలో రక్తపోటు తగ్గింది. ఇదీ చిన్న అధ్యయనమే. బీపీ మాత్రకు బదులు కాదు. కానీ మన పెద్దవాళ్లను చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

ఇవ్వడం ఈ నేలకు తెలిసిన పనే. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడూ, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో సింగ్‌నగర్ వంటి ప్రాంతాలను ముంచినప్పుడూ అన్నం పొట్లాలు కట్టిన చేతులెన్నో. జబ్బుతో ఉన్నవాళ్లు అలాంటప్పుడు పడవెక్కలేరు, మూటలు మోయలేరు. చాలామంది రక్తదానం కూడా చేయలేరు. 'నా వల్ల ఏమవుతుంది?' అన్న ఆ బాధకు ఒక బొమ్మ సమాధానం కాగలదు.

ఎలా ఇవ్వాలి?

డబ్బుతోనే మొదలుపెట్టక్కర్లేదు. డయాలసిస్‌కు వచ్చే పక్క మంచం ఆయనకు ఓ మందారం బొమ్మ ఇవ్వొచ్చు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన తలసేమియా పిల్లలకు రంగులు వేసుకునే కార్డులు పంపొచ్చు. మీరు ఏ జబ్బుతో ఉన్నారో, ఆ జబ్బుతోనే ఉన్న మరొకరి దగ్గర్నుంచి మొదలుపెడితే ఆ అవసరం మీకు బాగా తెలుస్తుంది. ఉదాహరణకు ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్లుగా కుటుంబాలను కుదేలు చేస్తోంది. ఆసుపత్రికి వెళ్లి రావడానికి బండి ఖర్చు కూడా భారమయ్యే ఇళ్లున్నాయి.

బొమ్మలతో నిధి పోగుచేయాలంటే సంక్రాంతి కార్డులు, క్యాలెండరు, అపార్టుమెంటులో చిన్న ప్రదర్శన సులువైన దారులు. అప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

* డబ్బు మీ చేతికి రావద్దు. బొమ్మను కానుకగా ఇచ్చి, వాళ్లకు తోచినంత నేరుగా సంస్థ ఖాతాకే పంపమనండి. లెక్కల గొడవ ఉండదు, మాట పడాల్సిన పనీ ఉండదు.
* సంస్థ పాన్, 80జి నమోదు వివరాలు అడగండి. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఫోన్‌లో వచ్చిన ఫొటో చూసి, తెలియని క్యూఆర్ కోడ్‌కు డబ్బు పంపొద్దు.
* 80జి మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే. రూ.2000 దాటిన నగదు విరాళానికి వర్తించదు. బొమ్మ, బియ్యం, దుప్పట్లు వంటి వస్తురూప దానాలకూ రాదు.
* మీ మందులు, పరీక్షలు, అత్యవసర ఖర్చు పక్కన పెట్టాకే విరాళం. మందుల డబ్బు తీసి ఇవ్వడం దానం కాదు, ఇంటి మీద పడే మరో భారం.
* గడువు పెట్టుకోవద్దు. 'సంక్రాంతికి వంద కార్డులు' అని మాటిస్తే ఊరట ఇచ్చిన పనే ఒత్తిడవుతుంది. వేసిన తర్వాతే ఎన్నున్నాయో చెప్పండి.

బొమ్మలు అమ్మి ఆ డబ్బు మీరే ఉంచుకున్నా తప్పు లేదు. పోలియోతో చేతులు పనిచేయని ఎరిక్ స్టెగ్‌మాన్ 1957లో నోటితో, పాదాలతో బొమ్మలు వేసేవారి సంఘాన్ని ప్రారంభించారు. జాలిపడి ఇచ్చే డబ్బు కాదు, పనికి వచ్చే ప్రతిఫలం కావాలన్నదే వాళ్ల మాట. ఇవ్వాలా, సంపాదించుకోవాలా అన్నది వేసినవారి ఇష్టం.

ఇంట్లోవాళ్లకు ఓ మాట

అమ్మ బొమ్మ వేస్తే 'భలే ఉందమ్మా' అనేసి వెంటనే ఫోన్‌లో స్టేటస్ పెట్టేస్తాం. ముందు ఆవిడను అడగండి. చాలామందికి తమ జబ్బు గురించి పదిమందికీ తెలియడం ఇష్టం ఉండదు. 'కీళ్లనొప్పులతోనే వేసింది తెలుసా' అని చెప్పేటప్పుడు మళ్లీ జబ్బునే ముందు నిలబెడుతున్నాం.

కుంచె కడిగివ్వండి. గ్లాసులో నీళ్లు మార్చండి. వెలుతురు పడేచోట కుర్చీ వేయండి. బొమ్మలో తప్పులు దిద్దకండి. 'కాస్త నడుం వాల్చరాదూ' అని పదేపదే అనకండి. ఎప్పుడు ఆపాలో కొద్ది రోజుల్లో ఆవిడకే తెలుస్తుంది. ఆ బొమ్మ ఎవరికి ఇవ్వాలో కూడా ఆవిడనే చెప్పనివ్వండి. మందుల వేళలు, తినాల్సినవి, తినకూడనివి, ఆసుపత్రి రోజులు అన్నీ ఇతరులే నిర్ణయించే జీవితంలో ఆ నిర్ణయం ఒక్కటైనా ఆవిడది కావాలి.

రేపు పొద్దున కాఫీ అయ్యాక, ఎండ ముదరకముందే మొదలుపెట్టండి. పోస్టుకార్డంత కాగితం, ఒకే ఒక్క ఆకుపచ్చ, ఇరవై నిమిషాలు చాలు. ఆరాక వెనక మీ పేరు రాయండి. ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో వారి పేరు కూడా రాయండి. తర్వాత ఎవరైనా 'ఎలా ఉన్నారండీ?' అని ఫోన్ చేస్తే, షుగర్ ఎంతుందో చెప్పడానికి ముందు చెప్పుకోవడానికి మీకు ఇంకో సంగతి ఉంటుంది.